విమానం రేకు మీద నా సొట్ట

కొన్నేళ్లుగా దీన్ని లోపల మోస్తున్నాను. మరీ బండరాయంత బరువేం కాదు. బాగా నవ్వుతున్నప్పుడు పక్కటెముక కింద చురుక్కుమనే రకం. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆమెకు చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందని ఒక భయం, ‘ఓస్, ఇంతేనా’ అని తీసిపారేస్తుందని ఇంకో భయం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి, నాకూ వస్తుంది. నవ్వారు కదా అని నన్ను మంచివాడనుకోకండి, అంతే.

నేను డెంటర్ని. దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లోని ఒక గ్యారేజీలో బండ్లకు సొట్టలు తీస్తాను. గుద్దుకున్న బండి ఏదైనా సరే, యజమాని వచ్చేసరికి అక్కడ ఏమీ జరగనట్టు ఉండాలి. నా పనీ అదే, నా పొగరూ అదే. జగిత్యాల దగ్గర మా ఊళ్లో ట్రాక్టర్ రేకులు కొట్టి నేర్చుకున్న విద్య. ఎక్కడ సొట్ట కనిపించినా నా చెయ్యి ఊరుకోదు. ఒకసారి మా మేనమామ ఇంట్లో విందుకు పిలిస్తే, సగం భోజనంలో లేచి నీళ్ల చెంబు సొట్ట తీశాను. అత్త నన్ను తిట్టిన తిట్లు తిట్టకుండా తిట్టింది. చెంబు మాత్రం కొత్తదానిలా మెరిసింది. ఇప్పుడు చెప్పబోయే తప్పుకు మూలం ఈ జబ్బే.

కరోనా కాస్త తగ్గి, మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి దిగిన రోజులవి. ఒక పికప్‌లో గోనెపట్టాలు చుట్టిన పెద్ద రేకు ఒకటి వచ్చింది. మా ఫోర్‌మన్ సత్తిబాబన్నది అమలాపురం వైపు. దాన్ని నా పక్కన దింపించి, “తమ్ముడూ, పాత మిలిటరీ విమానం ముక్కంట. మన ముదీర్‌కి తెలిసిన కుర్రాడిది. దీనికో స్టాండు చేసి నిలబెట్టాలి, అంతే” అన్నాడు. ముదీర్ అంటే ఇక్కడ మేనేజరు. ఫోను మోగింది. మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

పట్టా విప్పాను. అల్యూమినియం రేకు, బారెడు వెడల్పు, వరసగా రివెట్లు, అక్కడక్కడా పచ్చరంగు. సామాన్లు మోసే విమానంలో తలుపు పక్క గోడ. లోపలి వైపు మూలన ఎవరో మేకుతో గీసుకున్న పొట్టి సంతకం. నడుమ ఒక సొట్ట. బయటి నుంచి ఏదో తగిలి లోపలికి నొక్కుకుపోయింది. లోపలి వైపు నుంచి చూస్తే బోర్లించిన గిన్నెలా ఉబికి ఉంది. అరచేత్తో తడిమాను. ఎంత ముద్దుగా ఉందో! ఇలాంటి పాత రేకు నా చేతికి ఎప్పుడూ తగల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం, సెలవు రోజు. గ్యారేజీలో ఎవరూ లేరు. నేనొక్కణ్ణే కూర్చుని స్టాండు పూర్తి చేశాను. చేసిన వాణ్ణి చేసినట్టు గదికి పోయి పడుకుంటే ఈ గొడవే లేదు. పోలేదు. రేకు నన్ను చూస్తోంది, నేను రేకును చూస్తున్నాను. సొట్ట తియ్యమని ఎవరూ చెప్పలేదు. ముట్టుకోవద్దనీ ఎవరూ చెప్పలేదు. ఈ రెండో మాటను ఎన్నాళ్లు అడ్డం పెట్టుకుని పడుకున్నానో నాకే తెలుసు. కాస్త వేడి చూపించి, ఇసక సంచి మీద పరిచి, చెక్క సుత్తితో మెల్లగా, పసిబిడ్డ వీపు తట్టినట్టు తట్టుకుంటూ పోయాను. సాయంత్రానికి రేకు అద్దంలా చదునైంది. ఆ రోజు నాకున్న సంతోషం మీకెలా చెప్పను? ఈల వేసుకుంటూ గదికి వెళ్లాను.

మర్నాడు పొద్దున్న టీ దగ్గర సత్తిబాబన్న కథ మొదలుపెట్టాడు. ఆయన కథ చెబితే చేతిలో బిస్కెట్టు టీలో కరిగిపోయినా తెలియదు.

“ఆ రేకుందే, దాని కత తెలుసేంటి మీకు? ఆ కుర్రాడి ముత్తాతది యుద్ధం అయిపోయిన కొత్తల్లో మిలిటరీ విమానంలో సరుకులెక్కించే పనంట. ఓసారి పిండి బస్తాలు తీసుకెళ్తుంటే ఇంజను ఆగిపోయి పొలాల్లో పడిందంట విమానం. దేవుడి దయ, ఒక్కళ్లూ పోలేదు! బస్తాలు పగిలిపోయి ఒంటినిండా పిండి కొట్టుకుని బయటికొచ్చారంట. ఊళ్లోవాళ్లు దెయ్యాలనుకుని లగెత్తారంట!”

అందరం పగలబడి నవ్వాం. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“అసలు సంగతి ఇనండి. ఈ ముత్తాత బుర్ర ఎళ్లి విమానం గోడకి కొట్టుకుందంట. విమానం సొట్టపోయింది గానీ బుర్ర చెక్కు చెదర్లేదంట! ఆ సొట్ట ఇదే. ఆయన కూతురు ముంబైలో ఉంటుంది, ఇప్పుడు పెద్దావిడ. ఆవిడ పుట్టినరోజు కోసం మనవడు ఊళ్లన్నీ గాలించి ఏ పాత ఇనప సామాన్ల గోదాంలోనో పట్టాడు ఈ ముక్కని. గురువారం ఆవిడే వత్తుంది, వాళ్ల నాన్న బుర్ర సొట్ట చూసుకోడానికి.”

నాకు టీ ముక్కుల్లోకి పోయింది. “పొలమారిందా తమ్ముడూ? ఇంటికాడ ఎవరో తలుచుకుంటున్నారు” అని సత్తిబాబన్న నా నెత్తిన తట్టాడు. తలుచుకునేవాళ్లు ఎవరో కాదు, నన్ను పుట్టించిన దేవుడే అయ్యుంటాడు.

అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. ‘అన్నా, తీసేశాను’ అంటే రెండు తిట్లతో పోయేది. ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం భయమా? అదీ ఉంది. కానీ నాతో నేను అబద్ధం ఆడుకోవడం ఇవాళ్టికి చాలు. సొట్ట తీసేవాడికి సొట్ట పెట్టడం ఎంతసేపు అని నా మనసులో పొగరు లేచింది. అంతే.

ఎలా కొట్టాలో తెలుసు. ఏ వైపు నుంచి కొట్టాలి? అక్కడ ఆగిపోయాను. తల లోపలి నుంచి తగిలితే రేకు బయటికి ఉబకాలి. నేను తీసిన సొట్ట లోపలికి ఉబికి ఉంది. అంటే ఏ పొలం గట్టో, మొద్దో బయటి నుంచి గుద్దింది. ఆ పెద్దమనిషి తల అక్కడ తగల్లేదు. ఇంట్లో పిల్లలకు ఉప్పూ కారం కలిపి చెప్పుకున్నాడు. ఎవరు కలపరు? నేను మా పిల్లలకు బుర్జ్ ఖలీఫా అద్దాలు బిగించింది నేనే అని చెప్పాను.

ఉన్నది ఉన్నట్టు మళ్లీ పెట్టడమా, కథలో ఉన్నట్టు పెట్టడమా? మనవడు పంపిన ఫొటో సత్తిబాబన్న ఫోన్లో ఉంటే అడిగి చూశాను. ఫొటోలో గుంటకూ ఉబ్బుకూ తేడా తెలియడం లేదు. అందరూ భోజనానికి వెళ్లాక రేకు ముందు చాలాసేపు నిలబడ్డాను. చివరికి లోపలి నుంచి కొట్టాను. ఆవిడ మీద జాలితో అని చెబితే మీరు నమ్ముతారేమో, నేను నమ్మను. ఆ కథ నాకు నచ్చింది. నచ్చిన కథను నా చేత్తో నిజం చేస్తున్నానన్న మత్తులో కొట్టాను.

సుత్తికి గుడ్డ చుట్టి, తల తగిలితే ఎలా పోతుందో అలా గుంట తీసి, పాత ఆయిలూ దుమ్మూ కలిపి రుద్దాను. సరిపోయిందో లేదో చూద్దామని నా తల అందులో పెట్టాను. సరిగ్గా అప్పుడే సత్తిబాబన్న వచ్చాడు.

“ఏంటి తమ్ముడూ, రేకుకి తలానించావు? ఇల్లు గుర్తొచ్చిందా?”

“అవునన్నా” అన్నాను. పాపం, ఆయన కళ్లు చెమర్చాయి. ఆ పూటకు సెలవిచ్చి, ఇంటికి ఫోన్ చేసుకోమన్నాడు. చేస్తే మా ఆవిడ, “ఏమాయె, ఇయ్యాల పని లేదా? కొంపదీసి పీకేసిండ్రా?” అంది.

గురువారం ఆవిడ మనవడితో వచ్చింది. పేరు రోషన్. గులాబీరంగు చీర, కాళ్లకు పరుగుపందెం బూట్లు, చేతిలో కర్ర. మా అందరికీ బిర్యానీ, కేకు తెచ్చింది. ఆవిడ మాట్లాడింది హిందీ, నేను తెలుగులో రాస్తున్నాను. మొదట మూలన మేకుతో గీసిన వాళ్ల నాన్న సంతకం వెతికి పట్టుకుని ముద్దుపెట్టుకుంది. తర్వాత గుంటలో చెయ్యి పెట్టింది. పెట్టి, చిన్నపిల్లలా కేకేసింది. “లోపలి నుంచే! చూశావా, లోపలి నుంచే!”

అప్పుడు తెలిసింది మిగతా కథ. ఆవిడకు ఒక అన్న ఉన్నాడు, కెనడాలో. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆ అబ్బాయిని తీసుకెళ్లి, మిలిటరీ వాళ్ల ఆవరణలో మూలపడి ఉన్న ఈ విమానం ఎక్కించి చూపించాడట. అబ్బాయి సొట్టను చేత్తో తడిమాడు. వచ్చి ఏమీ అనలేదు. పెద్దయ్యాక, నాన్న పోయిన రోజున, పదిమంది ఆ తల కథ చెప్పుకుని నవ్వుకుంటుంటే, “అది అబద్ధం. సొట్ట బయటి నుంచి పడింది. లోపల నా చేతికి ఎత్తుగా తగిలింది” అన్నాడు. శవం ఇంట్లో ఉండగా తండ్రిని అబద్ధాలకోరు అన్నాడని ఆవిడ మాట్లాడడం మానేసింది. ఆ మానెయ్యడం జీవితమంతా సాగింది. పెళ్లిళ్లు అయ్యాయి, మనవలు పుట్టారు, అన్నాచెల్లెళ్ల మధ్య మాట లేదు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “బేటా, నీది ఇదే పని కదా. మా అన్న మొండివాడు, ఇది చూపిస్తే ఎవరో సరిచేసి ఉంటారంటాడు. నీ నోటితో చెప్పు. దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?”

“లేదు ఆంటీ.”

“సుత్తి తగిలిందా?”

“తగల్లేదు.”

“ఒట్టు?”

“ఒట్టు” అన్నాను. పక్కనే సత్తిబాబన్న గర్వంగా తల ఊపాడు.

మనవడు వీడియో కాల్ కలిపాడు. తెరమీద ఒక ముసలాయన, తెల్లటి కనుబొమ్మలు. ఆవిడ ఫోన్ తీసుకెళ్లి గుంట ముందు పెట్టింది. ఆయన తెరకు ముఖం దగ్గరగా పెట్టి చూశాడు. తర్వాత, “పనివాణ్ణి చూపించు” అన్నాడు. నన్ను చూపించారు. కళ్లతోనే అడిగాడు. ఎవరూ ముట్టుకోలేదన్నట్టు నేను తల ఊపాను. “అయితే నా చెయ్యే తప్పు చెప్పింది” అన్నాడాయన. అని ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు. ఆవిడ ఇటు నుంచి నవ్వుతూ ఏడ్చింది. నాన్న కంటే నీదే గట్టి బుర్ర అని తిట్టింది. తల తీసుకెళ్లి గుంటలో పెట్టి ఫొటో తీయించుకుంది. పెయింటర్లూ మెకానిక్కులూ వరసకట్టి అందరూ తలలు పెట్టారు. బిర్యానీ తిన్నాం, పాటలు పెట్టారు, డాన్సులు. అంత సంబరం ఆ గ్యారేజీలో నేను మళ్లీ చూడలేదు. నేనూ డాన్సు చేశాను. అందరికంటే ఎక్కువ చేశాను.

చలికాలంలో పెద్దాయన కెనడా నుంచి వచ్చేశాడు. ఇక్కడే, మనవడి ఇంట్లో, ముంబై తిరిగి వెళ్లకుండా ఆగిపోయిన చెల్లెలి దగ్గర ఉండిపోవడానికి. నన్ను కూడా భోజనానికి పిలిచారు. హాల్లో గోడకు ఆనించిన స్టాండు మీద ఆ రేకు ఉంది. ఆయన దాని ముందు నిలబడి గుంటలో చెయ్యి వేసి తిప్పాడు, మళ్లీ తిప్పాడు. నాతో మెల్లగా అన్నాడు: “బేటా, చిన్నప్పుడు ఇది నా అరచేతికి ఎత్తుగా తగిలింది. ఇన్నేళ్లూ ఆ ఎత్తు నా చేతిలోనే ఉంది. అబద్ధమాడాననుకోకు. నాకు నిజంగా అలాగే గుర్తుంది.” తర్వాత తండ్రి ఫొటో ముందుకు వెళ్లి, చెవులు పట్టుకుని, “మాఫ్ కరో పప్పా” అన్నాడు. అంత పెద్ద మనిషి, స్కూల్లో పిల్లాడిలా.

నిజం చెప్పిన మనిషి చేత నేను క్షమాపణ చెప్పించాను. ఆయన చేతిని ఆయనే నమ్మకుండా చేశాను. అప్పుడైనా నోరు విప్పవచ్చు కదా? విప్పితే ఏమయ్యేది? పక్కన చెల్లెలు ఆయన కంచంలోంచి మిఠాయి లాక్కుంటోంది, ఆయన కర్రతో ఆవిడ వేళ్ల మీద కొడుతున్నాడు, ఇద్దరూ ఇల్లెగిరిపోయేలా నవ్వుతున్నారు. ఆ నవ్వు చూస్తే నాకూ నవ్వొచ్చింది. నవ్వాను. ఏం మనిషిని నేను?

ప్రతి పుట్టినరోజుకూ పిలుస్తున్నారు. వెళుతున్నాను. వాళ్ల సంతోషం చూసి పొంగిపోయి, సోనాపూర్ లేబర్ క్యాంపులో గదికి వచ్చి నా చేతులు చూసుకుంటాను. మంచి చేశాయా, చెడు చేశాయా? ఆ ఇద్దరిలో ఎవరి ముందు నిలబడి ఈ లెక్క తేల్చుకోను? చెల్లెలికి చెబితే తండ్రి అబద్ధాలకోరు అవుతాడు. అన్నకు చెప్పకపోతే ఆయన మిగిలిన రోజులన్నీ తన చేతినే తప్పుపట్టుకుంటాడు. నాకు తెలియడం లేదు. తెలిసింది ఒక్కటే, అది ఆయన ముఖం మీద చెప్పే ధైర్యం లేక ఇక్కడ చెబుతున్నాను.

పెద్దాయనా, మీ చెయ్యి తప్పు చెప్పలేదు. అది ఎత్తుగానే ఉండేది. నా అరచేతికి కూడా తగిలింది. దాన్ని అణగ్గొట్టింది నేనే.

అమ్మయ్య. చెప్పేశాను.