కట్టె ఒకింట, నిప్పు ఒకింట

పుల్లయ్య పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే ముందు నన్నీ బీ గురించి చెబుతాను. ఆ పెద్దమనిషి సంగతి దానంతటదే వస్తుంది.

మా ఊరు పెన్న ఒడ్డున ఉంది. ఎండాకాలం ఏరు ఎండగానే ఇసుకలో గుంతలు తీసి, ఎరువేసి, అందరం కర్బూజ పెట్టేవాళ్ళం. అందరిలోకీ నన్నీ బీ కాయ వేరు. ఒక్కటి కోస్తే వీధంతా వాసన. ఆ విత్తనం వాళ్ళమ్మ నుంచి వచ్చింది. బూడిదలో కలిపి, కుండలో పోసి, ఉట్టి మీద పెట్టేది. చిన్నమ్మా చిన్నమ్మా అని వెంట తిరిగినా నాకు గుప్పెడు గింజలివ్వలేదు. పిసినారిదని నేనూ తిట్టుకున్నాను.

ఒక ఏడు ఆమె తమ్ముడు రసూల్ సాహెబ్ ఆత్మకూరు నుంచి వాళ్ళ వైపు రకం తెచ్చాడు. తెల్ల తోలు, పెద్ద కాయ, అదీ తీపే. నన్నీ బీ మొగుడు ఇమాం బాషా మోజుపడి రెండు రకాలూ పక్కపక్కన పెట్టాడు. రెండూ తీయగానే కాశాయి. ఆ కాయల గింజలు మరుసటేడు పెడితే మాత్రం తోటలో సగానికి పైగా చేదు. ఏది తీపో ఏది చేదో పైకి తెలియదు. పంటంతా మేకలకు వేస్తే అవీ మూతి తిప్పుకున్నాయి.

ఊరంతా దిష్టి అంది. నన్నీ బీ అనలేదు. ఇసుకలో కూర్చుని చింతపిక్కలూ గులకరాళ్ళూ వరసలు పేర్చేది, చెరిపేది, మళ్ళీ పేర్చేది. పిచ్చి పట్టిందేమోనని నేనే భయపడ్డాను. ఒకరోజు నన్ను కూర్చోబెట్టింది.

"చూడు మే నాగక్కా. చేదు పుట్టాలంటే ఇద్దరు అక్కచెల్లెళ్ళు కలవాల. ఒకతె కట్టె, ఒకతె నిప్పు. ఈ చింతపిక్క కట్టె అనుకో, ఈ రాయి నిప్పు అనుకో. గట్టు మీద అడివి బుడమకాయ ఉండాది కదా, దాంట్లో ఇద్దరూ ఉండారు. అందుకే నోట పెట్టలేం. మన పెద్దోళ్ళు తీపి కాయే ఏరుకుంటా, ఏరుకుంటా నిప్పును ఎళ్ళగొట్టినారు. ఆత్మకూరోళ్ళు కట్టెను ఎళ్ళగొట్టినారు. వట్టి కట్టె మండదు. కట్టె లేని నిప్పు నిలబడదు. రెండు కాయలూ తీపే. ఇప్పుడు తేనెటీగ ఆ పూవు పొడి తెచ్చి ఈ పూవుకు అంటించిందనుకో?"

పిక్కనూ రాయినీ ఒకే గుంతలో వేసి నా వైపు చూసింది.

"కలుస్తారు," అన్నాను.

"కలుస్తారు. అయినా ఆ ఏడు కాయలో తెలీదు. గింజలో దాక్కోనుంటారు. పైయేడు లేస్తారు."

"ఇద్దరూ ఒక తల్లి పిల్లలేనా చిన్నమ్మా?"

"అయ్యుంటారు. యేరుపడి ఎవరి పని వాళ్ళు నేర్చుకున్యారు. అయినా ఒకతె లేకుంటే ఇంకొకతెకు పనే లేదు."

అప్పటి నుంచి విత్తనానికి వదిలే కాయకు పూవుగా ఉన్నప్పుడే గుడ్డ కట్టి, తన రకం పొడే తన చేత్తో అంటించేది. ఆమె కాయలే సంతలో కొని గింజలు పెట్టినా ఆ రుచి రాదు. గుడ్డ కట్టిన కాయలోనే ఆమె ప్రాణముంది.

అది పుల్లయ్యకు తెలిసింది. గట్టు మీది మాగాణంతా ఆయనదే. విత్తనం అడిగాడు. "కాయ తినన్నా, కావల్సినన్ని తిను. గింజ మాత్రం అడగొద్దు," అంది నన్నీ బీ. కర్నూలు రాజధాని అయిన ఏడు, దానికి ముందొచ్చిన ఎండాకాలంలో, పట్టపగలు బండి తోలుకొచ్చి గుడ్డ కట్టిన కాయలన్నీ తెంపించాడు. చాలదన్నట్టు ఎడ్లను తీగల మీదికి వదిలాడు. ఇమాం బాషా అడ్డం పోతే పాలేళ్ళు తోశారు. కాడిమాను మీద పడి ఆయన నడుము విరిగింది. మళ్ళీ మంచం దిగలేదు.

"ఏరేమన్నా మీ అబ్బదా?" అన్నాడు పుల్లయ్య, పోతూ పోతూ.

నన్నీ బీ ఇసుక ఎత్తి ఆయన బండి వెనకాల విసిరింది. ఆ తరవాత మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని అంది: "వాని నోట్లో చేదు పోస్తా. వాని చేత్తోనే పోసుకుంటాడు, చూస్తాండు."

మరుసటేడు పుల్లయ్య కాయలు లారీలెక్కి కొత్త రాజధానికి పోయాయి. పుల్లయ్య పండు అని పేరు కూడా పెట్టుకున్నాడు! నేను పూటకోసారి ఆయన్ను తిట్టాను. నన్నీ బీ మాత్రం ఉట్టి మీది పాత గింజలు నాలుగు గుంతల్లో పెట్టుకుని ఊరుకుంది. మైదుకూరు సంతకు తమ్ముణ్ణి తెల్లకాయలతో పిలిపించి ఒక్క మాట చెప్పింది: "పుల్లయ్య మీ తెల్లకాయ రుచి చూస్తాడు. గింజ అడుగుతాడు. ఊరికే ఇయ్యొద్దు, బతిమాలించుకొని ఇయ్యి."

బతిమాలించుకునే ఇచ్చాడు. పుల్లయ్య రెండు రకాలూ పక్కపక్కన పెట్టాడు. రెండూ తీపి. ఆయన ఆనందం చూడాలి! ఆ ఏడు నన్నీ బీ ఏటి పొడుగునా గుడిసె గుడిసెకూ తిరిగింది. "ఈ ఏడు కాయల్లో గింజ దాచుకోవద్దు మే. ఆయప్ప తోట తేనెటీగలు మన తోటల్లోనూ తిరుగుతాండాయి. పాత గింజలే ఉంచుకోండి." అందరం ఉంచుకున్నాం. ఒక్కరు కూడా పుల్లయ్య చెవిన వేయలేదు. ఇసుకలో నిలబడి కడుపు నింపుకునే వాళ్ళందరికీ ఆయన ఎడ్లు గుర్తున్నాయి.

పైయేడు తోట విరగకాసింది. మైదుకూరు వ్యాపారులను తోటకే పిలిపించి, జంబుఖానా పరిపించి, పుల్లయ్య తన చేత్తో కాయ కోశాడు. మొదటి ముక్క తన నోట్లోనే వేసుకున్నాడు. నేను గట్టు మీదే ఉన్నాను. ఆ మొహం చూశాను. ఉమ్మలేడు, మింగలేడు. వ్యాపారి ఒకాయన ఉమ్మేశాడు. ఇంకో కాయ కోశారు, తీపి. ఇంకోటి, చేదు. ఇంకోటి, మళ్ళీ చేదు. "ఏమప్పా, విషం పెడతాండావా?" అని లేచిపోయారు. పుల్లయ్య తీగలన్నీ పీకించి తగలబెట్టించాడు. నేను ఇంటికొచ్చి పండగ వంట చేసుకున్నాను. తప్పా? తప్పయితే కానీ.

ఆ తరవాతి ఎండాకాలం పుల్లయ్యే నన్నీ బీ గుడిసెకు వచ్చాడు, తలపాగా తీసి చేత్తో పట్టుకుని. నేను ఇమాం బాషాకు విసురుతూ కూర్చున్నాను.

"నన్నీ బీ, జరిగిందేదో జరిగిపాయ. విత్తనం చెడిపోయినాది. కొంచెం ఇయ్యమ్మా."

ఆమె తోటలోకి పోయి గుడ్డ కట్టిన కాయే తెచ్చింది. ఇచ్చేస్తుందేమోనని విసరడం ఆపాను. కోసి, గింజలతో సహా పళ్ళెంలో పెట్టి, "తినన్నా," అంది. పుల్లయ్య కళ్ళు మెరిశాయి. ఆత్రంగా తిన్నాడు, గింజలు జాగ్రత్తగా పళ్ళెం అంచున పెట్టుకుంటూ.

తినడం అయ్యాక నన్నీ బీ పళ్ళెం లాక్కుంది. ఆయన కళ్ళెదుటే ఒక్కొక్క గింజా ఏరి కొంగులో వేసుకుంది. తోలుకు అంటుకున్నవీ గీరింది. చాప మీద జారినవీ వెతికి తీసింది.

"కాయ ఎంతైనా తినమని ఆ పొద్దే చెప్తి కదన్నా," అంది, కొంగు ముడేసుకుంటూ.

పుల్లయ్య లేచాడు. గడప దాకా పోయాడు. అప్పుడు మంచం మీది నుంచి, తల కూడా ఎత్తలేని ఇమాం బాషా పిలిచాడు.

"ఆగన్నా. నీ మీసంలో ఒకటి ఉండాది. దాన్నీ పెట్టి పో."