కేబుల్ మామ వేసిన క్యాసెట్

మా కేబుల్ మామ పోయాడని మొన్న మసీదు మైకులో చెప్పారు. జమ్మలమడుగులో మా వీధులకు మొదట తీగ లాగి టీవీ చూపించిన మనిషి. ఆ మాట వినగానే అమ్మ గడియారం వైపు చూసింది. ఎందుకో మీకు చెప్పాలి.

కువైట్ నుంచి తెచ్చుకున్న ఒకే ఒక వీసీఆర్‌తో, మా పక్క మిద్దె మీద గదిలో ఆయన కేబుల్ మొదలుపెట్టాడు. రోజూ మధ్యాహ్నం ఒక సినిమా వేసేవాడు. గాలివానకు బొమ్మ పోతే అందరూ ఆయన్నే తిట్టేవాళ్లు. "వానను నేను పిల్చినానా అప్పా?" అని నవ్వేవాడు.

కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మా అన్న ఒకసారి తన మాటలు వీడియో తీయించి క్యాసెట్ పంపాడు. మాకు వీసీఆర్ ఎక్కడిది? సినిమాకు ముందు, రెండు గంటలకు, మామ దాన్ని కేబుల్‌లోనే వేశాడు. "తీగకు మీ ఇల్లు, వాళ్లిల్లు అని తెలీదు పాపా. ఏస్తే అందరూ చూస్తారు" అని ముందే చెప్పాడు. అట్లాగే అయింది. కూరగాయల అంగట్లో కూడా అన్న చొక్కా సంగతి అడిగారు.

ఆ ఏడాదే అన్న అక్కడ ప్రమాదంలో పోయాడు. అమ్మ అన్నం మానేసింది. మూడో రోజు రెండు గంటలకు టీవీలో అన్న మళ్లీ కనిపించాడు.

"అమ్మా, బాగుండావా? అన్నం తిన్యావా?"

"తింటా నాయనా" అంటూ అమ్మ కంచం ముందు కూర్చుంది. ఇక రోజూ అదే. సినిమా ఇంకెప్పుడని ఎవరైనా మిద్దె కింద నుంచి కేకేస్తే, "ఆయమ్మను నాలుగు ముద్దలు తిననీప్పా" అనేవాడు మామ.

టేపు అరిగిపోసాగింది. కాపీ తీయించాలని ప్రొద్దుటూరు పట్టుకుపోయాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది. "ఎయ్యకుంటే ఆయమ్మ తినదు. ఏస్తే టేపు మిగల్దు. నేనేం చేసేది పాపా?" అని నా ముందే ఏడ్చాడు.

తెరమీద చుక్కలు తప్ప ఏమీ కనపడని రోజున ఆయనే మా ఇంటికొచ్చాడు. చూసి చూసి ఆయనకు ఆ మాటలన్నీ నోటికొచ్చేశాయి. టీవీ పక్కన స్టూలు వేసుకుని, "అమ్మా, బాగుండావా?" అని మొదలుపెట్టాడు. అమ్మ తినింది. తర్వాత పెద్ద కంపెనీల డబ్బాలొచ్చి ఆయన కేబుల్ మూతపడినా, మా ఇంటికి రావడం మాత్రం మానలేదు. "అన్నీ పోయినా ఒక్క కనెక్షన్ ఉండాది పాపా" అనేవాడు.

మామను మట్టి చేసిన మర్నాడు, రెండు గంటలకు, అమ్మకు కంచం పెట్టాను. ఆమె స్టూలు వైపే చూస్తూ కూర్చుంది. ఆ మాటలు నాకూ వచ్చు. "అమ్మా" అన్నాను. "బాగుండావా" అనడం నావల్ల కాలేదు. కంచంలో అన్నం అట్లాగే చల్లారిపోయింది.