విలికేసా మామ బియ్యం డబ్బా

విలికేసా మామకి ఫోన్ల గురించి తెలియని విషయం లేదు. ఒకటే చిక్కు, ఆయనకి తెలిసినవన్నీ తప్పు. వాటిలోకెల్లా పెద్ద తప్పు బియ్యం. నీళ్లలో పడ్డ ఫోన్‌ని బియ్యంలో పాతిపెడితే బతుకుతుందని ఆయన చెప్పేవాడు. ఆ మాట లోకంలో చాలామంది అంటారు. కానీ దానికోసం ఇంట్లో ఏకంగా ఆసుపత్రి తెరిచినవాణ్ణి నేను ఈయన్నొక్కణ్ణే చూశాను.

ఆసుపత్రి అంటే క్యాబిన్ బిస్కట్ల పాత రేకుడబ్బా. నిండా బియ్యం. మూతకి తాడు, తాడు మీద రాయి. చుట్టూ సముద్రం ఉన్న ఊళ్లో, పడవ ఎక్కుతూ ఒకరు, గుల్లలు ఏరుతూ ఒకరు, ఫోన్లు నీళ్లపాలు చేస్తూనే ఉంటారు. అందుకని ఆ డబ్బా ఖాళీగా ఉన్న వారం తక్కువ. చేర్చుకోవడం ఏ రోజైనా సరే. ఇంటికి పంపడం మాత్రం గురువారమే.

"గురువారమే ఎందుకు మామా?" అని అడిగాను ఒకసారి.

"బియ్యం పద్ధతి అది మాస్టారూ. మధ్యలో మూత తీస్తే తాగిన నీళ్లన్నీ మళ్లీ కక్కేస్తాయి."

ఒక తుఫాను నెలలో ఓ ఫోన్‌కి మూడు వారాలు పట్టింది. అదేమిటంటే, "వాన రోజుల్లో బియ్యం కూడా మందకొడిగా ఉంటాయి కదా" అన్నాడు. లబాసా పట్నం నుంచి ఈ ద్వీపానికి బడిపంతులుగా వచ్చి నాకు పదమూడేళ్లయింది. విజ్ఞానశాస్త్రం చెప్పి జీతం తీసుకునేవాణ్ణి. అలాంటి మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఆయనకి ఫోన్ల మీద ఇంత అధికారం ఊరికే రాలేదు. ఇరవై ఏడేళ్లు మా పోస్టాఫీసులో రేడియో టెలిఫోన్ దగ్గర కూర్చున్నాడు. ఊరి చావుపుట్టుకలన్నీ ఆయన నోటి మీదుగానే రాజధాని సువా వెళ్లాయి. ఒకరి మాట అయిపోయి "ఓవర్" అంటేనే అవతలివాడి వంతు వచ్చే యంత్రం అది. చేతిలోకి సెల్‌ఫోన్ వచ్చినా ఆయన ఓవర్ మానలేదు.

"మామా, ఈ ఫోన్లలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చు."

"మాట్లాడొచ్చు మాస్టారూ. వినేదెవరు?"

దీనికి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. ఊరికీ దొరకలేదేమో, అందరూ ఓవర్ అనడం మొదలుపెట్టారు. మా బడి పిల్లలు అమ్మని అన్నం అడిగినా చివర ఓవర్ అంటారు.

శనివారం పదకొండింటికి పక్క ద్వీపానికి చిన్న విమానం ఒకటి మా మీదుగా పోతుంది. ఆ చప్పుడు వినబడగానే మామ లుంగీ ఎగ్గట్టి వీధుల్లో పరుగు. "విమానం! విమానం! అందరూ ఫోన్లో విమానం బొమ్మ నొక్కండి!" ఆ బొమ్మ ఉన్నది కింద ఉన్నవాళ్లు నొక్కడానికేననీ, నొక్కకపోతే పైవాడు పడిపోతాడనీ ఆయన లెక్క. నేను ఒక శనివారం పట్టుదలగా నొక్కకుండా కూర్చున్నాను. విమానం నిక్షేపంగా పోయింది. "చూశావా మామా?" అన్నాను. "మిగతా ఊరంతా నొక్కింది కాబట్టి బతికాడు. మీ ఒక్కరి పాపం మేం మోశాం" అన్నాడు.

సాయంత్రం మొక్క వేళ్లు దంచి నీళ్లలో పిసికిన యాంగోనా తాగుతూ గిన్నె చుట్టూ కూర్చున్నప్పుడు ఆయన పక్కన చోటు ఎప్పుడూ ఖాళీ. కూర్చుంటే చెయ్యి చాపి ఫోన్ అడుగుతాడు. తెరిచి ఉంచిన యాప్‌లన్నీ ఒక్కొక్కటే వేలితో పైకి తోసి మూసేస్తాడు. "ఇన్ని గదుల్లో దీపాలు వెలిగించి వదిలేశావేంట్రా? బ్యాటరీ అలిసిపోదూ?" అలా మూయడంవల్ల బ్యాటరీకి ఒరిగేదేమీ లేదని, మళ్లీ తెరిస్తే ఇంకాస్త ఖర్చవుతుందని నేను బొమ్మ గీసి చూపించాను. బొమ్మ బాగుందన్నాడు.

ఆ గిన్నెలోకి ఒకప్పుడు ఆయన తోటలో వేళ్లే ఎక్కువ వచ్చేవి. ఈమధ్య తగ్గాయి. ఎవరైనా అడిగితే కొండమీది టవర్ వైపు ఓసారి చూసి, "ఈ ఫోన్లు నా తోటని తినేస్తున్నాయిరా" అనేవాడు. టవర్ గాలికి మొక్కలు చస్తాయని కాబోలు నమ్ముతున్నాడని అందరం పకపకా నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు.

ఇలా నవ్వుతూ బతుకుతుండగా లోసానా ఫోన్ నీళ్లలో పడింది.

లోసానా విలికేసాకి మేనమామ కూతురు. బావామరదళ్లు ఒకరినొకరు ఎంత ఏడిపించుకుంటే అంత ప్రేమ ఉన్నట్టు లెక్క ఇక్కడ. ఈ ఇద్దరికీ అరవై దాటినా ఆ లెక్కలో లోటు రాలేదు. ఆమె భర్త ఇలాయిసా పోయి రెండేళ్లు. అతను పోయాక మిగిలిన గొంతంతా ఆ ఫోన్‌లోనే ఉంది. అదీ ఒకే ఒక్క సందేశం. "లోసానా, నా కత్తెక్కడ పెట్టావే? పొద్దుట్నుంచీ వెతుకుతున్నా. నువ్వే దాచావు, నాకు తెలుసు. ఓవర్."

అంతే. రోజూ సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆమె అది పెట్టుకుని వింటుంది. విని, "గుమ్మం వెనకాలే ఉంది, కళ్లు పెట్టుకుని చూడు. ఓవర్" అని జవాబు చెబుతుంది. ఊరంతా విన్నదే. ఎవరూ నవ్వరు.

మంగళవారం గుల్లలు ఏరుతుంటే జారిపడింది ఫోన్. ఏనాడో కొబ్బరికాయ పడి అద్దం అడ్డంగా పగిలి ఉందేమో, ఆ పగులులోంచి ఉప్పునీళ్లు లోపలికి పోయాయి. ఆమె తడి బట్టలతోనే విలికేసా ఇంటికి పరిగెత్తింది.

"బావా, అందులో మనిషున్నాడు."

"తెలుసు. ఇలా ఇవ్వు."

"నీ బియ్యం ఈసారి పనిచేయకపోతే నిన్ను ఆ డబ్బాలోనే పాతిపెడతా."

"పట్టను లేవే. వచ్చే వారం గురువారం రా."

నేను ఇక ఊరుకోలేకపోయాను. అందరి ఫోన్లతో ఆడుకుంటే నవ్వాను గాని, ఇది వేరు. బుధవారం సాయంత్రం గిన్నె దగ్గర అందరి ముందూ అనేశాను.

"మామా, ఉప్పు లోపలి రేకుల్ని తినేస్తుంది. బియ్యం పక్కన కూర్చుని చూస్తాయి, అంతే. ఆవిడ ఫోన్ నాకివ్వు. రేపటి ఓడకి మీటింగ్ కోసం సువా వెళ్తున్నా, ఎవరికైనా చూపిస్తాను."

"మీ ఇంట్లో బియ్యం అలా కూర్చుంటాయేమో మాస్టారూ. మావి కష్టపడతాయి."

"ఆవిడకి లేనిపోని ఆశ పెడుతున్నావు. పాపం కాదూ?"

ఆయన చిప్పలో యాంగోనా తాగి, ఆనవాయితీ ప్రకారం చప్పట్లు కొట్టాడు. "మూత తీయకూడదు మాస్టారూ" అన్నాడు మెల్లగా. మూల కూర్చున్న లోసానా నా వంకా ఆయన వంకా మార్చి మార్చి చూసింది. నా మాటకి ఆమె మొహంలో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. నిజం చెప్పి సాధించింది ఇదా అని నామీద నాకే కోపం వచ్చింది.

వారానికొకసారి వచ్చే ఓడ గురువారం వచ్చింది, అదే సాయంత్రం తిరిగి బయల్దేరింది. శుక్రవారం సువాలో దిగుతూ ఓడలో వంటవాణ్ణి అడిగాను, ఫోన్లు బాగుచేసేవాళ్లు ఎవరైనా తెలుసా అని. తొమ్మిది రోజులు బియ్యంలో ఉండబోయే ఫోన్ బతికే దారి ఏదైనా ఉందేమో కనుక్కుందామని నా ఆరాటం.

"నేనూ అక్కడికే మాస్టారూ, రండి" అన్నాడు. అతని ఒక చంకలో యాంగోనా వేళ్ల కట్ట, ఇంకో చేతిలో గుడ్డమూట.

మార్కెట్ వెనక ఇరుకు కొట్టు. ఫరీదా అనే ఆవిడ కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చుంది. వంటవాడు మూట విప్పాడు. అడ్డంగా పగిలిన అద్దం. లోసానా ఫోన్. మూటలోంచి నాలుగు బియ్యపు గింజలు కూడా రాలాయి.

"మీదీ ఆ ఊరేనా?" అంది ఫరీదా నన్ను చూసి. "ఆ పెద్దాయనకి మీరైనా చెప్పండి బాబూ, బియ్యంలో పెట్టొద్దని. ఛార్జింగ్ పెట్టే కన్నంలో గింజలు ఇరుక్కుని నా ప్రాణం తీస్తున్నాయి. ఉప్పు కడగడం ఒక ఎత్తు, ఆ గింజలు పీకడం ఒక ఎత్తు."

"ఆయన... ఎన్నాళ్లనుంచి పంపుతున్నాడు?"

"నాలుగేళ్లు. ప్రతిసారీ ఓ కట్ట యాంగోనా వస్తుంది. మా నాన్న తాగుతాడు, నేను బాగుచేస్తాను."

నేను అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. గురువారాలు, తుఫానులో మూడు వారాలు, ఫోన్లు తినేసిన తోట, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. పదమూడేళ్లు పిల్లలకి జాగ్రత్తగా గమనించడం నేర్పిన పంతులుని నేను.

ఫరీదా ఫోన్ విప్పి పెదవి విరిచింది. లోపల ఉప్పు పేరుకుంది, రావడం కష్టమంది. సోమవారం వెళ్లాను, రాలేదు. మంగళవారం వెళ్లాను, వెలుగు వచ్చి పోయింది. బుధవారం మధ్యాహ్నం ఓడ. పొద్దున్నే మళ్లీ వెళ్లి కూర్చున్నాను. పగిలిన అద్దం తీసి కొత్తది వేసింది, బుల్లి బ్రష్‌తో ఇంకోసారి కడిగింది, నొక్కింది. తెర వెలిగింది. గొంతు వస్తుందో లేదో చూద్దామని దొరికిన సందేశం పెట్టింది.

"లోసానా, నా కత్తెక్కడ పెట్టావే?"

"దొరికిందా పాపం ఆయనకి?" అంది ఫరీదా.

"గుమ్మం వెనకాల ఉందట" అన్నాను.

గురువారం రేవులో మామ ఎప్పటిలాగే వంటవాడి కోసం నిలబడ్డాడు. మూట నా చేతిలో ఉండడం చూసి తల గోక్కున్నాడు.

"బియ్యం బాగా కష్టపడ్డాయి మామా" అన్నాను.

"ఎవరికీ చెప్పకండి మాస్టారూ."

"ఎందుకీ దాపరికం? చెబితే ఊరు నెత్తిన పెట్టుకునేది కదా?"

"అదే కదా భయం. మొదట్లో ఒకడి ఫోన్ బాగుచేయించి చెప్పేశాను. వాళ్లు చాప తెచ్చారు. ఆర్నెల్లు అల్లిన చాప. వద్దంటే వాళ్లకి అవమానం. ఊరికే తీసుకుంటే నాకు. పందినిచ్చాను. పందిని ఊరికే ఎలా తీసుకుంటారు? ఇంకో రెండు చాపలు తెచ్చారు. నేను ఇంకో పంది. ఏడాది తిరిగేసరికి నా దొడ్లో పంది లేదు, వాళ్లింట్లో చాప లేదు. వాళ్లు కటిక నేలమీద, నేను ఖాళీ దొడ్డి పక్కన కూర్చుని ఒకరికొకరం వందనాలు చెప్పుకున్నాం. లోసానా వేళ్లు ఇప్పటికే వంకరపోయాయి, ఆవిడచేత ఇంకో చాప అల్లించనా? బియ్యానికైతే ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు."

"సరే, మరి నిజంగా బియ్యంలో పెట్టడమెందుకు? ఆ ఫరీదా తిట్టుకుంటోంది."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నేను చర్చిలో పెద్దని మాస్టారూ. పెట్టకుండా పెట్టానంటే అబద్ధమవదూ?"

అని, చెయ్యి చాపాడు. "ఏదీ, మీ ఫోనిలా ఇవ్వండి. వారం రోజులు పట్నంలో ఎన్ని దీపాలు వెలిగించి వచ్చారో." రేవులో నిలబడి ఒక్కొక్కటే మూశాడు. బియ్యం సంగతి ఆయనకి మొదట్నుంచీ తెలుసు. మిగతావన్నీ మాత్రం మనస్ఫూర్తిగా నమ్ముతాడు.

సాయంత్రం డబ్బా తెరిచారు. ఊళ్లో సగం మంది అక్కడే. మామ ప్రార్థన చేసి, రాయి దించి, తాడు విప్పి, బియ్యంలో చెయ్యి పెట్టి ఫోన్ తీశాడు. గింజలు దులిపి లోసానా చేతిలో పెట్టాడు. ఆమె నొక్కలేక నొక్కలేక నొక్కింది. ఇలాయిసా గొంతు గదంతా వినబడింది, కత్తి కోసం, ఓవర్‌తో సహా.

"గుమ్మం వెనకాలే ఉంది, గుడ్డివాడా!" అని అరిచింది లోసానా. ఇన్నాళ్లూ నవ్వని ఊరు ఆ రోజు పగలబడి నవ్వింది. ఆమె కూడా. నాకు మటుకు కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

తర్వాత అందరూ నా వైపు తిరిగారు. "ఏం మాస్టారూ? బియ్యం చూస్తూ కూర్చుంటాయన్నారే?"

"బియ్యం గురించి తెలియక మాట్లాడాను" అన్నాను. అదీ ఒక రకంగా నిజమే. అప్పట్నుంచి బడిలో నేను ఏ పాఠం చెప్పినా వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు, "బియ్యాన్ని అడిగారా సార్?" అంటారు.

ఆ గోలలో లోసానా బొటనవేలితో అద్దాన్ని అటూ ఇటూ రుద్ది చూసుకుంది. పగులు లేదు. ఫోన్ జాకెట్లో దోపుకుని వెళ్లిపోయింది.

ఐదు నెలల తర్వాత ఒక సాయంత్రం నేను మామ ఇంట్లో ఉండగా ఆమె వచ్చింది. చంకలో చుట్ట చుట్టిన చాప. అంచుకి ఎర్ర ఊలు కుచ్చులు, పెళ్లిళ్లలో పరిచే రకం. మామ గభాల్న లేచి నిలబడ్డాడు. కళ్లు అప్పుడే దొడ్లో ఉన్న కొత్త పందివైపు పోతున్నాయి.

"నీకు కాదులే బావా, కంగారుపడకు. డబ్బాకి. దానిమీద పెట్టుకో" అంది.

చాప పరిచింది. డబ్బా అడుగు వెడల్పు. చాప ఆరడుగుల పొడుగు, మనిషి కాళ్లు చాపుకునేంత. డబ్బాని తీసి ఒక మూల పెట్టింది. తలగడ ఉండాల్సిన చోట.

"ఒక్క డబ్బాకి ఇంత చాపెందుకే?" అన్నాడు మామ. 

లోసానా అప్పటికే గుమ్మం దాటింది. వెనక్కి తిరక్కుండానే అంది.

"నాలుగేళ్లుగా కష్టపడుతున్నాయి పాపం. అలిసిపోయుంటాయి, కాసేపు పడుకోనీ బావా. ఓవర్."