చార్టు కింద చిన్నక్షరాలు

నూకరత్నం మా వీధి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. చోడవరంలో ఆ బడి గేటుకి ఎదురుగానే నా జిరాక్స్ కొట్టు. పన్నెండేళ్లుగా చూస్తున్నాను, ఆ మనిషి పనికి ఒక్కపూట ఆలస్యంగా వచ్చింది లేదు. జ్వరం వచ్చినా తలకి తువ్వాలు చుట్టుకుని గరిటె తిప్పేది. మొగుడు పరదేశి చెరకు నరికే రోజుల్లో గోవాడ వైపు పోతాడు. మిగతా రోజుల్లో ఎటు పోతాడో అతనికే తెలియదు, ఆ సంగతి వదిలేద్దాం.

ఆమె నమ్మకమంతా దుర్గాదేవి టీచరు మీదే. "టీచరమ్మ సెప్పింది" అందంటే ఇక ఆ మాటకి తిరుగులేదు.

కూతురు ఝాన్సీ ఒకటో తరగతిలో చిచ్చరపిడుగు. ఎక్కం గానీ పాట గానీ ఒకసారి వింటే చాలు, అప్పజెప్పేసేది. "నీ గుంట గురుకులంలో సీటు కొడతాది, సూస్తా ఉండు" అని టీచరే ఆశ పెట్టింది. సీటొస్తే ఇంటర్ దాకా చదువూ తిండీ అక్కడే, పొయ్యి దగ్గర కళ్లు నలుపుకునే బతుకు కూతురికి ఉండదు. ఆ ఒక్క మాట పట్టుకుని నూకరత్నం మూడేళ్లు బతికింది.

మూడో తరగతికి వచ్చేసరికి పిల్ల వెనకబడింది. నోటితో అడిగితే అన్నీ చెప్పేది, పుస్తకం తెరిస్తే మాత్రం తలనొప్పి అనేది. దొంగ తలనొప్పని తల్లి గరిటె కాడతో కొట్టడం నా కళ్లతో చూశాను. అడ్డుపడలేదు. నేనూ అది బద్ధకమే అనుకున్నాను.

నాలుగో తరగతిలో గురుకులం ప్రవేశ పరీక్ష రాసింది. సీటు రాలేదు. ఫలితం తెలిసిన సాయంత్రం నూకరత్నం పిల్లని రెక్క పట్టుకుని నా కొట్లోకి లాక్కొచ్చి, దాచిన ప్రశ్నపత్రం నా బల్ల మీద పడేసింది.

"హరిబాబన్నయ్యా, నువ్వడుగు. దీనికి ఏటొచ్చో, ఏటి రాదో నాకు తెలియాల."

నేను ఒక్కో ప్రశ్న పైకి చదివాను. ఝాన్సీ ఏడుస్తూనే టకటకా జవాబులు చెప్పింది. ఇరవైకి పద్దెనిమిది ఒప్పు. నాకు అనుమానం వచ్చి, కాగితం దాని చేతికిచ్చి చదవమన్నాను. చెయ్యి బారంతా చాపి చూసింది, దగ్గరకి తెచ్చుకుంది, కళ్లు నులుముకుంది.

"అచ్చరాలు ఒకదాని మీదొకటి ఎక్కేస్తన్నాయి మావయ్యా."

మర్నాడు ముగ్గురం ఆటోలో అనకాపల్లి వెళ్లి, ఒక కంటి డాక్టరమ్మ దగ్గర కూర్చున్నాం. ముందెప్పుడైనా కళ్లు చూపించారా అని ఆవిడ అడిగింది. నూకరత్నం ప్లాస్టిక్ కవరులోంచి కార్డు తీసి, గర్వంగా అందించింది. పిల్ల రెండో తరగతిలో ఉండగా బడికి వచ్చిన కంటి పరీక్ష వాళ్లిచ్చిన కార్డది. రెండు కళ్లకీ చూపు బాగుందని రాసి ఉంది.

డాక్టరమ్మ కార్డు చూసింది, పిల్లని చూసింది. ఎదురుగా గోడ మీద చార్టు చూపించి చదవమంది. ఝాన్సీ చేతులు కట్టుకుని లేచి నిలబడింది. పై నుంచి కింది దాకా, అన్నిటికన్నా చిన్న వరస 'డీ ఈ ఎఫ్ పీ ఓ టీ ఈ సీ'తో సహా, ఆగకుండా రాగం తీసి చెప్పేసింది. నూకరత్నం నా వైపు చూసి నవ్వింది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఆ చార్టు తీసేసి ఇంకోటి తగిలించింది. ఝాన్సీ పై పెద్ద అక్షరం చెప్పి ఆగిపోయింది.

"మొదటిది ఎవరు నేర్పారమ్మా?"

"మా టీచర్ గారు. పరీచ్చకి వొచ్చేవోళ్లు ఇదే అడుగుతారని రెండ్రోజులు వల్లె వేయించేరు."

కంటి డాక్టర్లందరూ వాడే ఆ చార్టు నాకు తెలుసు. పరీక్ష వాళ్లు మూడ్రోజులు ముందే పక్క బడిలో వేలాడదీసిన చార్టుని ఎవరో ఫోటో తీసి పంపితే, దుర్గాదేవి టీచరు నా కొట్టుకి తెచ్చింది. పెద్ద సైజులో ప్రింటు తీసి, లామినేషన్ చేసిచ్చింది నేనే. బయటి వాళ్లెవరు బడికొచ్చినా పిల్లల్ని ముందే తయారు చెయ్యడం మాకు అలవాటు. కంటి పరీక్షని కూడా ఇన్‌స్పెక్షనే అనుకున్నాం, సిగ్గు లేని వాళ్లం.

"దూరానివీ మసకే, దగ్గరవి మరీ కనపడని చూపు ఇది. ఏడేళ్లప్పుడే అద్దాలు పెట్టి ఉంటే చూపు చాలావరకు వచ్చేది. ఇప్పుడు కొంత వస్తుంది, అంతా రాదు" అంది డాక్టరమ్మ. నూకరత్నం ఆ కార్డుని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో నలిపేసింది.

మర్నాడు పొయ్యి వెలిగించకుండా నేరుగా తరగతిలోకే వెళ్లింది. గొడవ అవుతుందని నేనూ వెనకే వెళ్లాను.

"టీచరమ్మా, నా గుంటకి చార్టు బట్టీ పట్టించేవా?"

"ఒక్క నీ గుంటకేనా? అందరికీ నేర్పాను. బడికి మంచి పేరు రావాలనే కదా రత్నం" అంది దుర్గాదేవి. "కళ్లు కనపడవని అది నాకు చెప్పిందేటి?"

తల్లి చెయ్యి పట్టుకున్న ఝాన్సీ ముందుకొచ్చింది. "సెప్పేను టీచర్. ఇవి నాకు కనపడతం లేదని సెప్పేను. నోటికొచ్చు కదా, అది సాల్లే అన్నారు."

టీచరు తల దించుకుని హాజరుపట్టీ తెరిచింది. "నిన్ను నమ్మేను. మా అమ్మ కన్నా ఎక్కువ నమ్మేను" అంటూ నూకరత్నం గోడకి తల కొట్టుకుని ఏడ్చింది. ఝాన్సీ కొంగు పట్టుకుని లాగింది.

"కళ్ల పరీచ్చ పొద్దున నీకూ సెప్పేనమ్మా. టీచరమ్మ సెప్పినట్టు సెప్పు, నా పరువు తియ్యకు అన్నావు."

నూకరత్నం ఏడుపు ఠక్కున ఆగింది. పిల్ల ముఖం వైపు చూడలేక, వంటగదిలోకి వెళ్లి బియ్యం కడగడం మొదలెట్టింది. ప్రింటు తీసింది నేనేనని అప్పుడే చెప్పాల్సింది. తర్వాత చెబుదాం అనుకుంటూ నెల గడిపేశాను. "నువ్వొక్కడివే నిజం సూపించేవన్నయ్యా" అని ఆమె కూరగిన్నె పంపిస్తే, తిన్నాను కూడా.

మొన్న మధ్యాహ్నం ఝాన్సీ కొట్టుకొచ్చింది. కొత్త అద్దాలు ముక్కు మీంచి జారిపోతున్నాయి. చిన్నక్షరాలు దగ్గరగా పెట్టుకుంటే చదవగలుగుతోందట.

"మావయ్యా, మా క్లాసులో ఆ చార్టు ఇంకా ఏలాడతంది" అంది. "ఆఖరి వరస కింద, మూలన, సన్నటి అచ్చరాలున్నాయి. ఇయ్యాలే సదివేను."

నేను లామినేషన్ చేసే ప్రతి కాగితం మూలనా కొట్టు పేరు వేస్తాను.

ఝాన్సీ నా వైపు చూస్తూ, రాగం తియ్యకుండా, కూడబలుక్కుని అప్పజెప్పింది.

"హరిబాబు జిరాక్స్, బడి ఎదురుగా, చోడవరం."