నున్నమ్మ నేల

నృత్యశాలలో చెక్క నేలకు ఏళ్ల తరబడి మైనం రుద్దుతూ వచ్చిన ఆవిడను అందరూ నున్నమ్మ అనేవాళ్లు. ఆ నేలలో తన ముఖం కనబడితే తప్ప ఆవిడ గుడ్డ కింద పెట్టేది కాదు.

యుద్ధం ముదిరాక ఆ శాలను ఆస్పత్రి చేశారు. నిలువుటద్దాలను గోడకేసి తిప్పి పెట్టారు. పిల్లలు పట్టుకుని నాట్యం సాధన చేసే గోడ కడ్డీలకు సెలైన్ సీసాలు వేలాడదీశారు. ఇనప మంచాలు లోపలికి ఈడుస్తుంటే నున్నమ్మ ప్రాణం గిలగిల్లాడింది. స్ట్రెచర్ మోసుకొస్తున్న వాళ్లను గుమ్మంలోనే ఆపేసింది.

"బాబూ, ఆ బూట్లు కాస్త విప్పి రండి."

అక్కడ నర్సుగా చేరిన కోడలు గబగబా వచ్చి ఆవిడను పక్కకు లాగింది. "బాగుంది అత్తయ్యా! దెబ్బలు తగిలినవాళ్లను కూడా కాళ్లు కడుక్కు రమ్మంటారా?"

నున్నమ్మ నోరైతే మూసుకుంది గానీ చేతులు ఊరుకోలేదు. గీతలు పడకుండా మంచం కోళ్లకు పాత కంబళి ముక్కలు కట్టింది. పనిలో పనిగా చంక కర్రల కొనలకూ కట్టేసింది.

మర్నాడు, తొడకు గాయమైన లారీ డ్రైవర్ మొదటిసారి లేచాడు. రెండో అడుగుకే కర్ర సర్రున జారింది. కుట్లు ఊడాయి. మళ్లీ కుట్టారు గానీ, ఆ తర్వాత అతను మంచం దిగనంటే దిగనన్నాడు. ఇలాగే పడుకుంటే కాలు బిగుసుకుపోతుందని డాక్టరు ఎంత చెప్పినా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కోడలు కంబళి ముక్క తెచ్చి చూపించింది. తిట్టలేదు. "మీరేనా అత్తయ్యా?"

"నేనేనమ్మా."

కర్రలకున్న ముక్కలు విప్పేశారు. అయినా ఆనించి చూస్తే కర్ర ఆ మైనం మీద జారుతూనే ఉంది. నున్నమ్మ వేడినీళ్లు, బట్టల సోడా, ఇనప పీచు తెచ్చుకుని డ్రైవర్ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. బలమంతా పెట్టి రుద్దింది. మెరుపు పోయి చెక్క గరుకు తేలింది.

ఆ చప్పుడుకు అతను ఇటు తిరిగాడు. "బంగారంలాంటి నేలను అలా చెడగొడుతున్నావేంటి పెద్దమ్మా?"

"నిన్ను పడేసింది నేనే నాయనా. కర్రలకు గుడ్డ కట్టింది నేనే."

ఆవిడ తడి తుడిచి, కర్రలు తన చంకల్లో పెట్టుకుని, గరుకు చెక్క మీద బరువంతా వేసి వేలాడింది. జారలేదు.

"ఇటివ్వు," అన్నాడు అతను.

కోడలు పట్టుకుంటే దిగాడు. ఒక అడుగు, ఇంకొకటి. "ఫర్వాలేదే, బ్రేకులు పడుతున్నాయి."

"ఆగాగు! అక్కడిదాకే రుద్దాను."

గరుకు అయిపోయే చోట అతను కర్రలు ఆనించి నిలబడ్డాడు. "త్వరగా కానివ్వు పెద్దమ్మా, వెనక బండ్లన్నీ ఆగిపోయాయి."

నున్నమ్మ నవ్వుతూ ముందుకు జరిగి, మెరుస్తున్న తర్వాతి పలక మీద పీచు ఆనించింది.