చుక్కలకు ఎక్స్‌రే

చేసే పనికంటే ఆ పనేమిటో ఇంట్లోవాళ్లకు చెప్పడమే కష్టమని నాకు తెలిసివచ్చింది పరిశోధనలో చేరిన ఆ రోజుల్లోనే. హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చుని నేను చూసేది ఆకాశంలో ఒక జంటను. ఒకటి మామూలు నక్షత్రం, రెండోది కంటికి కనిపించని కృష్ణబిలం. కృష్ణబిలం తన జోడు నుంచి వాయువును లాక్కుంటుంది. ఆ వాయువు లోపల పడిపోయే ముందు గిరగిరా తిరిగి, కాగిపోయి, ఎక్స్‌కిరణాలు వెదజల్లుతుంది. ఆ వెలుగుకు నిలకడ లేదు, రెప్పపాటులో ఎన్నోసార్లు హెచ్చి తగ్గుతుంది. ఎందుకలా అన్నదే నా పరిశోధన. ఇంత చెబితే, గద్వాలలో మగ్గం నేసే మా మేనత్త చెవిన పడింది ‘ఎక్స్‌రే’ ఒక్కటే.

ఆ ఎండాకాలం సెలవులకు వెళ్లేసరికి, ఇటిక్యాల నుంచి వచ్చిన చుట్టం ఒకాయన తన మోకాలి ఫిల్ము పట్టుకుని నాకోసం కాచుకుని ఉన్నాడు. నేను దాన్ని వెలుతురుకెత్తి (ఎందుకెత్తానో నాకే తెలియదు) కాసేపు చూసి, "అత్తా, నేను చూసేది మనుషులయి కావు, చుక్కల ఎక్స్‌రేలు" అన్నాను.

"చుక్కలకేమైందే? కాళ్లిరిగినయా?" అంది అత్త. చుట్టం తన ఫిల్మును నా చేతిలోంచి మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడే అత్త వాకిట్లో జారిపడింది. కుడి మణికట్టు బూరెలా పొంగింది. ఆ చేత్తోనే మగ్గం నడవాలి. అయినా దవాఖానకు రానంది. "నువ్వుండంగ దవాఖానెందుకు బిడ్డా? జర నువ్వే చూసి చెప్పు." ఆ మాటలో నా మీద నమ్మకం కంటే భయమే ఎక్కువని కాసేపటికి గాని తట్టలేదు. కొన్నేళ్ల కింద దవాఖానకు వెళ్లిన అత్త భర్త, మా మామయ్య, ప్రాణాలతో తిరిగి రాలేదు. "నేను పక్కనే ఉంట అత్తా" అని బతిమాలి ఆటో ఎక్కించాను.

ఎక్స్‌రే గదిలో పలక మీద పెట్టిన చెయ్యి వణుకుతూనే ఉంది. ఫోటో అలుక్కుపోయింది. "కదలకు పెద్దమ్మా!" అని ఫోటో తీసే అతను గద్దించేసరికి వణుకు ఇంకా ఎక్కువైంది. అడ్డుగోడ వెనక అతని పక్కనే నిలబడ్డ నేను (ఇంకేమీ తోచక) అరిచాను. "అత్తా, నా చుక్క సంగతి చెప్త, ఇంటవా?"

"చెప్పు."

"దానికొక జోడున్నది. కండ్లకు కనవడది. రెండూ ఒకదాని చుట్టు ఒకటి తిరుగుతయి. కనవడనిది దీన్ని జరంత జరంత గుంజుకుంటది. గుంజినదంత కాగి మినుకుమినుకుమంటది."

"కనవడకుంటే ఉన్నదని ఎట్ల తెలుస్తది?"

"చుక్క తిరుగుతున్నది గదత్తా. ఊకెనే తిరుగుతదా?"

అత్త ఆలోచనలో పడింది. చెయ్యి కదలకుండా ఆగింది. యంత్రం టిక్కుమంది.

ఎముకలో సన్నటి చీలిక, పిండికట్టుతో మానుతుందన్నాడు డాక్టరు. తిరుగు ఆటోలో అత్త కట్టు నిమురుకుంటూ, "గట్ల మినుకుమినుకు ఎందుకంటదే?" అని అడిగింది.

"అది మాకూ సరిగ్గ తెల్వదత్తా."

"తెల్వకనే గిన్నేండ్లు సదివినవా!" అని పకపకా నవ్వింది. పడ్డప్పటి నుంచి అదే మొదటి నవ్వు. తర్వాత మెల్లగా, "జోడు కనవడకున్నా అది తిరుగుడు ఇడువలేదు సూడు" అంది. నేను ఆ కట్టు చేతిని నా ఒళ్లోకి తీసుకున్నాను.

చెయ్యి మానింది, అత్త మళ్లీ మగ్గం ముందు కూర్చుంది. ఏళ్లు గడిచి, నేనిప్పుడు కాలేజీలో అదే పాఠాన్ని తెర మీద బొమ్మలు వేసి మరీ పిల్లలకు చెబుతున్నాను. కొందరు రాసుకుంటారు, ఒకరిద్దరు ఆవులిస్తారు. అడ్డుగోడ వెనక నిలబడి గొంతు చించుకుంటున్న ఆనాటి పిల్ల అప్పుడప్పుడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. పాపం, దానికి సగం లెక్కలు రావు. పాఠం మాత్రం అంత బాగా నేను మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.