పాకాల నుంచి తెచ్చిన ఎర్ర గిటారు

పోయిన నెలలో మనవరాలికి గిటారు కొనిపెడదామని తిరుపతిలో ఒక వాయిద్యాల అంగడికి వెళ్ళాను. అక్కడ అద్దాల పెట్టెలో ఒక గిటారు ఉంది. అంచుల్లో రంగు లేచిపోయి, ఒళ్ళంతా గీతలు పడి, రెండు తరాలవాళ్ళు వాయించి పడేసినట్టుగా ఉంది. పాతదా అని అడిగితే, కాదు సార్, కొత్తదే, ఫ్యాక్టరీలోనే అలా గీకి పంపిస్తారు, ఇప్పటి పిల్లలకు అదే ఇష్టం అన్నాడు అంగడతను. నాకు ఒళ్ళు మండింది. ఒక్క దెబ్బ కూడా తినకుండా దెబ్బలు తిన్న మొహం పెట్టుకుని కూర్చున్న ఆ వస్తువును చూస్తే, దెబ్బ అంటే ఏమిటో ఎముకల దాకా ఎరిగిన మా కాలంవాళ్ళకు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. మనవరాలు చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేదాకా ఆ మనిషితో వాదిస్తూనే ఉన్నాను.

మాది నగరి. ఇంటి ముందుభాగమంతా మరమగ్గాలు, వెనక మేము. మగ్గాలు ఆడుతుంటే ఇంట్లో పక్కవాడి మాట వినపడదు కాబట్టి మా వీధిలో అందరికీ గొంతులు పెద్దవి, చేతులు కూడా కాస్త ముందుండేవి. పిలిస్తే పలకనివాణ్ణి తట్టి పిలిచేవాళ్ళు, తట్టినా పలకకపోతే కొట్టేవాళ్ళు. మా నాయన మొదటి రెండు మెట్లూ వదిలేసి నేరుగా మూడోదానికి వచ్చేవాడు. తెగిపోయిన మగ్గం బెల్టు ముక్క ఒకటి గోడ మేకుకు వేలాడుతూ ఉండేది, దానికి నా వీపు తప్ప వేరే పని లేదు. నాకు మీసాలు వచ్చి, సంబంధాలు చూస్తున్న రోజుల్లో కూడా అది మేకు దిగుతూనే ఉండేది. అలాగని ఆయన చెడ్డవాడు కాదు. మా వీధిలో నాయనలందరూ అంతే, మా నాయన చెయ్యి కాస్త బరువు, అంతే తేడా.

తొంభైల నడుమ మాట ఇది. చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో సినిమా పాటలు పాడే ఒక ఆర్కెస్ట్రాలో, ఇంట్లో తెలిసీ తెలియకుండా, నేను గిటారు వాయించేవాణ్ణి. అది కూడా ఎరవు తెచ్చుకున్న చెక్క గిటారు, డ్రమ్ముల పక్కన దాని గొంతు దోమ పాటలాగా ఉండేది. ఆ డ్రమ్ములు వాయించే మా మేనత్త కొడుకు, అంటే మాకు బావ, పాకాలలో రిటైరయిన రైల్వే గార్డు ఒకాయన దగ్గర పాత ఎలక్ట్రిక్ గిటారు ఉందని కబురు తెచ్చాడు. ఇద్దరం తిరుపతిలో చిన్న రైలెక్కి పోయాం. అప్పటికింకా ఆ దారిలో మీటరు గేజీ బండ్లే.

గార్డు తాత మంచం కింది నుంచి దుప్పటి మూట లాగి విప్పాడు. ఎండు మిరపకాయ ఎరుపు. మెడ వెనకభాగంలో ఏళ్ళ తరబడి బొటనవేలు రాసుకుని రంగంతా పోయి, లోపలి కర్ర నూనె రాసినట్టు నున్నగా తేలింది. ఎత్తుకుంటే సంవత్సరం పిల్లవాడంత బరువు. తీగల కింద మెట్లు అరిగి ఉన్నాయి గానీ, ఎక్కడ అరగాలో అక్కడే అరిగాయి, అంటే దాన్ని వాయించినవాడికి వాయించడం వచ్చునన్నమాట. ఒక్క మోచేయి ఆనే అంచు దగ్గర మాత్రం రెండు లోతైన గాట్లు పక్కపక్కనే ఉన్నాయి. నేను మర్యాదగా, కాస్త వాయించి చూపించండి తాతా అన్నాను.

"ఎవుర్ని?" అన్నాడాయన, అని తనే పెద్దగా నవ్వాడు. తర్వాత ఆ గాట్ల మీద వేలు పెట్టాడు. "ఇది యాడ తగిలిందో తెలుసునా? డాన్సు పార్టీలో తాగిన కోపంలో నా సొంత తమ్ముడి మూతికి. రెండు పండ్లు రాలినాయి. గిటారు మట్టుకు బాగనే ఉండాది. వాడే, ఈ పొద్దుటిదాకా నాతో మాట్లాడలేదు."

ఆ మాట విన్నాక కూడా కొన్నారా అని మీరడగవచ్చు. ఆయన దాన్ని ఒక పాత రేడియోకు తగిలించి ఒకే ఒక్కసారి తీగల మీద చెయ్యి దించాడు. కిటికీ ఊచలు గుయ్యిమన్నాయి. బేరం గీరం అంతా బావే చూసుకున్నాడు, నేను మాత్రం దాన్ని దుప్పటితో సహా ఒడిలో పెట్టుకుని కూర్చుండిపోయాను.

ఇంటికి తెచ్చిన సాయంత్రమే నాయన చూశాడు. "యాడిదిరా ఇది?" అని అడిగి, జవాబు రాకముందే చెంప పగలగొట్టాడు. నేను గోడకు కొట్టుకుని లేచేసరికి గిటారు ఆయన చేతిలో ఉంది, మగ్గం గుంజకేసి బాదడానికి పైకెత్తి ఉన్నాడు. అమ్మ అడ్డం పడింది. ఆ తోపులాటలో ఆమె గాజులు పగిలి మణికట్టు నుంచి రక్తం కారడం చూసి ఆయన చెయ్యి దించాడు. "ఈ ఇంట్లో వాయించేది నేనొక్కణ్ణే, తెలిసిందా? ఇంకొక్క పెండ్లిలో నువ్వు దీన్ని పట్టుకున్నట్టు తెలిస్తే పొయ్యిలో పెడతా" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషి కాబట్టి ఆ రోజు నుంచీ ఆ గిటారు ప్రాణం నా చేతుల్లో ఉన్నట్టే బతికాను.

కరెంటు తగిలించకపోతే ఎలక్ట్రిక్ గిటారుకు గొంతు ఉండదు, ఉన్నదంతా మగ్గాల మోతలో కలిసిపోతుంది. అందుకని నాయన మగ్గాల దగ్గర ఉన్నప్పుడే వెనక గదిలో దాన్ని తీసి, పై అంచు మీద గడ్డం ఆనించి వాయించుకునేవాణ్ణి. చెవికి ఏమీ వినపడదు, శబ్దమంతా దవడ ఎముక గుండా తలలోకి ఎక్కుతుంది. ఇంతమందున్న ఇంట్లో నా ఒక్కడికే వినపడే పాట అది. అలా వాయిస్తున్నప్పుడల్లా నా మోచేయి ఆ పంటి గాట్ల మీదే ఆనేది, ఎప్పుడూ చూడని ఆ తమ్ముడి మీద జాలి పుట్టేది.

అయినా పెళ్ళిళ్ళకు పోకుండా ఉండలేకపోయాను. నాయన నూలు కోసం మద్రాసు పోతున్నానన్న రోజు చూసుకుని, ఊరి బయట ఒక పెళ్ళికి పోయాం. పెళ్ళికూతురు మావైపు, పెళ్ళికొడుకు తమిళంవైపు. తాళి కట్టడం అయిపోయి పగటి భోజనాలు నడుస్తున్నాయి. మా కుర్రాళ్ళు తెలుగు పాట పాడమంటారు, వాళ్ళ కుర్రాళ్ళు తమిళ పాట అంటారు, ఇద్దరూ స్టేజీ ముందు రొమ్ములు తగిలేలా నిలబడ్డారు. మేం భయపడి, ఆ రోజు ఇంకా మొదటి పాట కూడా ఎత్తుకోకుండానే నిలబడిపోయాం. పాట మొదలుకాకపోతే గొడవ ముదురుతుందని పెళ్ళికూతురి పెదనాయన పంక్తిలోంచి లేచి మావైపు చెయ్యి ఊపుతూ, "సూస్తా నిలబడినారేమిరా, వాయించండి! బాగా వాయించండి!" అని కేకేశాడు.

మాతో అన్నాడు ఆ పెద్దమనిషి. విన్నది మావైపు కుర్రాళ్ళు.

మొదటి కుర్చీ లేచి పెళ్ళికొడుకు మేనమామ నెత్తిన పడింది. ఆ తర్వాత ఎవరు ఎవరిని కొట్టారో దేవుడికే తెలియాలి. వేడి రసం బకెట్టు ఒకడి వీపు మీద బోర్లింది, వాడి అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వంటవాళ్ళు గరిటెలతో దిగారు. మా బావ చెవి చీలి చొక్కా అంతా నెత్తురైంది. "అయ్యో, పాట వాయించమంటినిరా, మనుషుల్ని కాదు!" అని పెదనాయన నెత్తి బాదుకుంటున్నాడు, వినేవాడెవడు?

అప్పుడు కనిపించాడు మా నాయన. మద్రాసు పోకుండా పెళ్ళికి వచ్చి, విస్తరి ముందు నుంచి లేచి, సాంబారు చెయ్యి కడుక్కోకుండా, గొడవను చీల్చుకుంటూ నేరుగా నావైపే వస్తున్నాడు. నా గిటారుకు ఆ రోజుతో నూకలు చెల్లాయనుకున్నాను. ఇంతలో ఆయన వెనక ఒకడు పొయ్యిలోని కట్టె ఎత్తడం చూశాను, చివర ఇంకా నిప్పుంది. నాయనకు తెలియదు. నేను స్టేజీ మీద నుంచి దూకి, గిటారును రెండు చేతులా అడ్డం పట్టి ఆయన తల వెనకవైపుకు చాపాను.

కట్టె గిటారు మెడ మీద దిగింది. మెడ విరిగింది. తీగలు తెగి నా ముంజేతిని కోశాయి. వైరు ఇంకా తగిలించే ఉంది కాబట్టి ఆ విరిగిన చప్పుడంతా సౌండు బాక్సుల్లోంచి ఒక్కసారిగా కేక పెట్టింది. మనిషి పెట్టే కేక కాదది, జంతువు పెట్టేదీ కాదు. కొడుతున్నవాళ్ళు కొట్టడం ఆపేశారు. కట్టె ఎత్తినవాడే కట్టె కింద పడేశాడు.

నాయన వెనక్కి తిరిగి కట్టెను చూశాడు, గిటారును చూశాడు, నన్ను చూశాడు. సాంబారు చేత్తోనే నా చెంప మీద ఒక్కటిచ్చాడు. తర్వాత భుజం మీది తువ్వాలు పరిచి, విరిగిన ముక్కలన్నీ ఏరి మూట కట్టుకుని ఇంటికి నడిచాడు.

పొయ్యిలో పెట్టలేదు. మగ్గాలకు చెక్కపని చేసే ఆచారి దగ్గరికి తీసుకుపోయి, ఆయనతో పోట్లాడుతూ పక్కనే కూర్చుని మెడ అతికించుకొచ్చాడు. అతుకు మీద నూలు దారం బిగించి చుట్టి, పైన లక్క పూసింది మాత్రం నాయనే. కొత్త తీగలు వేసిన మధ్యాహ్నం ఆయన మగ్గాలన్నీ ఆపేశాడు. పనివేళలో మా ఇంట్లో మగ్గాలు ఆగడం నేనెరుగను. ఆ నిశ్శబ్దంలో వచ్చి నా ముందు నిలబడి, "ఏదీ, వాయించు" అన్నాడు.

ఆ మాట నా బుర్రకెక్కేలోపలే నా రెండు చేతులూ లేచి చెంపలు కప్పుకున్నాయి.

నాయన చూశాడు. తిరిగిపోయి ఒక్కొక్క మగ్గమే మళ్ళీ ఆడించాడు. ఆ మోతలో నేను చేతనైనంత బాగా వాయించాను, ఆయన నావైపు వీపు పెట్టి తెగిన పోగులు అతుకుతూ ఉండిపోయాడు.

ఆ తర్వాత ఆయన నన్ను కొట్టలేదు, మళ్ళీ అడగనూ లేదు. ఆయన అడగాలని నేను, నా చేతులు వాటంతటవే దిగాలని ఆయన, ఎదురుచూస్తూ అన్నేళ్ళూ గడిపేశామనుకుంటాను. ఇప్పటివాళ్ళు పిల్లల మీద చెయ్యి ఎత్తరు, అది ఎంత మంచి మార్పో నాకు తెలుసు. మగ్గాలు తీసేశాం. నగరిలో ఆ ఇల్లిప్పుడు పక్కగదిలో నిట్టూర్చినా వినపడేంత నెమ్మదిగా ఉంది. నా గిటారు ఎలా పలుకుతుందో మా నాయన ఒక్కసారి కూడా వినకుండానే పోయాడు.